రానివాళ్ల జాబితా

కోరుట్లలో నా దుకాణం ముందు ఈ మధ్య రోజూ ఒకటే పంచాయితీ. ఎన్నికలు అయిపోయాయి, ఫలితాలూ వచ్చేశాయి. ఓడినవాళ్ల తరఫువాళ్లు ఓటింగ్ మిషన్‌ను తిడతారు, గెలిచినవాళ్ల తరఫువాళ్లు దాన్ని వెనకేసుకొస్తారు. కిందటిసారి తిట్టినవాళ్లే ఈసారి వెనకేసుకొస్తున్నారన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. నేను జిరాక్స్ తీస్తూ వింటుంటాను.

"ఒత్తేది ఒకటి, పడేది ఒకటి," అంటాడు ఒకాయన.

"మరి పక్క డబ్బల చీటీ కనపడ్తలేదా? ఏడు సెకండ్లు చూపెడ్తది గదా," అంటాడు ఇంకొకాయన.

"చూపెట్టేది ఒకటి, లెక్కవెట్టేది ఒకటైతె ఏం జేస్తవ్?"

"గందుకే కాయితం ఓటే మంచిగుండె. కాయితం అబద్ధమాడదు."

ఇక్కడికి వచ్చేసరికి అందరూ నావైపు తిరుగుతారు. కాగితం ఓట్ల కాలం నుంచి మా ఊళ్లో పోలింగ్ ఏజెంటుగా కూర్చుంటున్నవాణ్ని కాబట్టి నా మాటకు కొంచెం విలువుంది. "ఏమో బై, నాకేం ఎర్క," అని తప్పించుకుంటాను. తెలియక కాదు. కాగితం అబద్ధమాడదన్న మాట వింటే నాకు ఒక వదినె గుర్తొస్తుంది. ఇక ఆ రోజంతా పని మీద మనసు నిలవదు.

ఆమె నాకు సొంత వదినె కాదు. మా ఊళ్లో వెనక వాడకట్టు, కల్లుగీసేవాళ్ల ఇల్లు. ఆమె భర్తను నేను అన్నా అని పిలిచేవాణ్ని. వానలు లేక వరసగా బావులెండిన ఏళ్లలో తాటిచెట్లు కూడా గొంతెండి నిలబడ్డాయి. చెట్టెక్కి దిగినా కుండ అడుగు తడవని రోజులు వచ్చాక ఆయన కూడా అందరిలాగే గల్ఫ్ బాట పట్టాడు. నా దుకాణం అప్పట్లో బస్టాండ్ పక్కన ఎస్టీడీ బూత్. జిరాక్స్ తీసేవాణ్ని, పాస్‌పోర్ట్ ఫొటోలు తీసేవాణ్ని, దుబాయి, మస్కట్ పోయేవాళ్ల ఫారాలు నింపేవాణ్ని. మా ఊరి మగవాళ్లలో సగం మంది నా కెమెరా ముందు కూర్చుని పోయినవాళ్లే.

ఆ అన్నకు సంతకం రాదు. ఫారం మీద బొటనవేలు పెట్టించాను. చెట్టు గీసే కత్తి ఎప్పుడో జారి ఆ వేలికి లోతుగా తెగింది. ముద్ర వేస్తే మధ్యలో అడ్డంగా తెల్ల గీత పడింది. ఆయన ఆ ముద్రకేసి అనుమానంగా చూసి, "గిది చెల్లుతదా తమ్మీ?" అని అడిగాడు.

"నీ అసొంటి ముద్ర దునియల ఇంకోనికి ఉండదన్నా. మస్తు చెల్లుతది," అన్నాను. ముగ్గురం నవ్వుకున్నాం. వదినె కూడా వచ్చింది ఆ రోజు.

మొదటి రెండేళ్లు ప్రతి శుక్రవారం ఆయన ఫోన్ చేసేవాడు. శుక్రవారం అక్కడ సెలవు కాబట్టి ఆ రోజు నా బూత్ ఆడవాళ్లతో నిండిపోయేది. తర్వాత ఆయన కంపెనీ నుంచి బయటపడ్డాడని, అక్కడున్న మనవాళ్ల మాటలో చెప్పాలంటే ఖల్లివల్లి అయ్యాడని, కాగితాలు లేకుండా ఎక్కడో దాక్కుని పని చేస్తున్నాడని కబురొచ్చింది. ఆ తర్వాత కబురు కూడా రాలేదు. వదినె మాత్రం శుక్రవారం తప్పలేదు. ఒళ్లో చాట పెట్టుకుని, ఫోన్ ఎదురుగా బెంచీ మీద కూర్చుని బీడీలు చుట్టేది. సాయంత్రం బస్సుకు లేచేటప్పుడు నేను ప్రతిసారీ ఒకటే మాట అనేవాణ్ని.

"అచ్చే వారం జేస్తడు తియ్ వదినె."

నాలుగేళ్లు అలాగే అన్నాను. అనడానికి నాకు ఏ కష్టమూ లేదు. ఆమె కళ్లలో కొంచెం వెలుగు వస్తే నేనేదో ధర్మం చేసినట్టు సంబరపడేవాణ్ని.

ఇప్పుడు మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. చెప్పడానికి సిగ్గే, అయినా చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. గల్ఫ్ పోయినవాళ్ల పేర్లు ఓటరు లిస్టులోంచి ఎవరూ తీయించరు. పేరు పోతే రేషన్ కార్డు పోతుందేమో, మనిషే లేకుండా పోయినట్టు అవుతుందేమో అని ఇంటివాళ్ల భయం. అందువల్ల ప్రతి ఎన్నికకూ లిస్టులో మనిషి లేని పేర్లు యాభై, అరవై ఉండేవి. సర్పంచ్ ఎన్నికలప్పుడు రెండు పక్షాలవాళ్లూ ఆ పేర్లను సగం సగం పంచుకునేవారు. మా సగం పేర్ల మీద మేము మనుషులను పంపితే వాళ్ల ఏజెంటు నోరెత్తడు, వాళ్ల సగం మీద వాళ్లు పంపితే నేను నోరెత్తను. ఇద్దరికీ సమానంగా పోతున్నప్పుడు ఎవరికి నష్టం అని మా వాదన. దాన్ని మేము దొంగ ఓటు అనేవాళ్లం కాదు, పొత్తు అనేవాళ్లం.

ఆ పంపకానికి జాబితా రాసేది నేనే. ఎవరు ఏ దేశంలో ఉన్నారో, ఎవరి లీవు ఎప్పుడో, ఎవరు అనుకోకుండా దిగుతారో నాకంటే బాగా ఎవరికి తెలుసు? తెల్లకాగితం మీద నడిమధ్య గీత గీసి, ఒకవైపు "వచ్చేవాళ్లు" అని, ఇంకోవైపు "రానివాళ్లు" అని రాసేవాణ్ని. పంచుకునేది రానివాళ్లనే.

ఆ ఏడు మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, సర్పంచ్‌గా నిలబడ్డాడు. పోలింగ్ ఆదివారం. శనివారం మధ్యాహ్నం నా దుకాణం షట్టర్ సగం దించి, అటువైపు ఏజెంటూ నేనూ జాబితా ముందేసుకుని కూర్చున్నాం. వాడూ నేనూ బడిలో ఒకే బెంచీ. టీ తాగుతూ పేర్లు పంచుకున్నాం. రానివాళ్ల కింద వదినె భర్త పేరు రాసేటప్పుడు నా పెన్ను ఆగిందా? నిజం చెబుతున్నాను, ఆగలేదు. ఆ పేరు మా వాటాకు వచ్చింది.

ఆదివారం పొద్దున బడిలో పోలింగ్. బొంబాయి పక్క భీవండిలో మగ్గాల మీద పనిచేసే మా ఊరివాళ్లను తేవడానికి పెద్దబాపు బస్సు పంపాడు. అది కూడా సమయానికి వచ్చింది. పదకొండు గంటలప్పుడు బీర్పూర్ నుంచి మేము పిలిపించిన ఒకాయన, మా ఊరి అల్లుడే, చీటీ పట్టుకుని లోపలికి వచ్చాడు. పోలింగ్ ఆఫీసరు పేరు గట్టిగా చదివాడు. వదినె భర్త పేరు. ఆఫీసరు మావైపు చూశాడు. ఏజెంట్లు కాదంటేనే కదా ఆయనకు అనుమానం. నేను అవునన్నట్టు తల ఊపాను. అటువైపు ఏజెంటు కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. లిస్టులో ఆ పేరు కింద ఎర్ర గీత పడింది. ఆ అల్లుడు బ్యాలెట్ కాగితం చింపిన మొదలు మీద, అంటే ఆఫీసరు దగ్గరే మిగిలిపోయే ముక్క మీద, వేలిముద్ర వేసి ఓటు తీసుకుపోయాడు. గంట తర్వాత అదే వరసలో నిలబడి వదినె కూడా వచ్చి ఓటేసింది. పోతూ పోతూ నన్ను చూసి నవ్వింది.

మూడు ఓట్లతో ఓడిపోయాం. మళ్లీ లెక్కపెట్టించాం. మళ్లీ మూడే.

పెద్దబాపు కోపంతో ఊగిపోయాడు. వాళ్లు పొత్తు తప్పారని, వాళ్ల వాటా కంటే ఎక్కువ పేర్లు వాడుకున్నారని ఆయన మంట. పొత్తు తప్పారని కోర్టుకు చెప్పలేం కదా. అందుకని జగిత్యాలలో వకీలును పెట్టుకుని, ఫలానా పదకొండు మంది గల్ఫ్‌లో ఉండగానే వాళ్ల ఓట్లు పడ్డాయని కేసు వేశాం. ఆ పదకొండూ అవతలివాళ్లు వేయించుకున్నవే. మా వాటా పేర్లు ఒక్కటీ రాకుండా ఏరి ఏరి రాసింది నేనే. రాస్తున్నప్పుడు న్యాయం కోసం పోరాడుతున్నట్టే ఉండింది నాకు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఒళ్లు కూడా మండుతుంది.

పోలింగ్ రోజు గీతలు పెట్టిన ఓటరు లిస్టు నకలు వకీలు సంపాదించాడు. జిరాక్స్ తీయడానికి అది నా దుకాణానికి వచ్చింది. వచ్చింది కూడా శుక్రవారమే.

వదినె నాలుగో తరగతి దాకా చదివింది. చాట పక్కన పెట్టి, బల్ల మీద పరిచిన కాగితాల్లో తన ఇంటి నంబరు వెతుక్కుంది. తన పేరు కింద గీత చూసి మురిసిపోయింది. ఆ పై వరస చదివింది. వేలు పెట్టి మళ్లీ చదివింది.

"తమ్మీ, గిది మీ అన్న పేరే గదా?"

నేను జిరాక్స్ మిషన్ మూత తెరిచి ఇంకో కాగితం పెట్టాను.

"గీత గీసిన్రేంది? గీత అంటె ఓటేసినట్టేనా?"

"ఆఁ... గట్లనే."

"అంటె మీ అన్న అచ్చిండా? భీవండి బస్సుల అచ్చిండా తమ్మీ? నువ్వు లోపటనే కూసున్నవ్ గదా, చూసినవా?"

గల్ఫ్ నుంచి చేతిలో ఏమీ లేకుండా బొంబాయిలో దిగి, ఊరికి ముఖం చూపించలేక భీవండిలో ఉండిపోయిన మగవాళ్లు మా దిక్కు చాలామందే ఉన్నారు. అలాంటివాళ్లు ఓట్ల బస్సులో వచ్చి ఓట్ల బస్సులోనే పోవడమూ ఉంది. ఆమె ఆలోచనలో ఒక్క తప్పు కూడా లేదు. సర్కారు కాగితం మీద ఎర్ర సిరాతో గీసిన గీతను నమ్మింది, అంతే.

"మస్తు రష్ ఉండె వదినె. యాది లేదు," అన్నాను.

ఆ ఒక్క మాట నేను వేరేగా చెప్పి ఉంటే అక్కడితో అయిపోయేది. బయట కేసుకు సంబంధించినవాళ్లు కూర్చున్నారు, అదీ నా భయం. వదినె ఆ మంగళవారమే కొండగట్టు పోయి టెంకాయ కొట్టి వచ్చింది. ఆ పై వారం బిడ్డను తల్లిగారింట్లో వదిలి, సిరిసిల్లలో మగ్గం నడిపే తమ్ముణ్ని వెంటబెట్టుకుని భీవండి పోయింది. ఆమె పోయిందని తెలిసిన రోజు నేను అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. అయినా నోరు తెరవలేదు.

తిరిగి వచ్చేసరికి ఆమె ముఖం పీక్కుపోయింది. మనిషి దొరకలేదు. కానీ ఆశ చావలేదు, ఇంకో దారి వెతుక్కుంది.

"ఓటేసేటప్పుడు ఏలుముద్ర ఏపిచ్చుకుంటరు గదా తమ్మీ. గా కాయితాలు కోర్టుల ఇప్పుతరంట గదా. మీ అన్న ముద్రల నడుమ గీత ఉంటది. నీకెర్కే. జర చూసి చెప్పు. గంతే, ఇంకేం అడుగ."

కోర్టు అనుమతితో సీలు వేసిన కట్టలు విప్పే రోజు వచ్చింది. సాక్షిగా నేనూ జగిత్యాల పోయాను. ఆమె కూడా అదే బస్సులో వచ్చి, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కోర్టు వరండాలో కూర్చుంది. లోపల రెండు వైపుల వకీళ్లు, నేను, అటువైపు ఏజెంటు బల్ల చుట్టూ నిలబడ్డాం. మా పదకొండు పేర్ల నంబర్లు వెతుకుతూ గుమాస్తా మొదళ్ల పుస్తకం తిప్పుతున్నాడు. ఒక్కో మొదలు మీద ఓటరు నంబరు, పక్కన సంతకమో ముద్రో. మనిషి ఏ గుర్తుకు ఓటేశాడో ఆ కాగితం చెప్పదు, ఎవరు వచ్చారో మాత్రం చెబుతుంది. ఎంత ముందుచూపున్నవాళ్లు కనిపెట్టారో దాన్ని! మధ్యలో ఒక పేజీ దగ్గర గుమాస్తా వేలికి తడి చేసుకోవడానికి ఆగాడు. నాకు కంఠతా వచ్చిన నంబరు కళ్ల ముందే ఉంది. దాని పక్కన గుండ్రంగా, నిండుగా, ఎక్కడా తెగని ముద్ర. ఉంటుందని తెలిసి కూడా నేను ఆ తెల్ల గీత కోసం వెతికాను.

అటు వకీలు నన్ను ఒకటే అడిగాడు. ఆ పదకొండు మంది ఓటేస్తున్నప్పుడు మీరు అక్కడే కూర్చున్నారు కదా, అభ్యంతరం చెప్పారా? చెప్పలేదన్నాను. ఆయన చిన్నగా నవ్వి కూర్చున్నాడు.

వరండాలోకి రాగానే వదినె లేచి నిలబడింది.

"గీత ఉన్నదా తమ్మీ?"

"లేదు వదినె. అది అన్నది కాదు."

"మంచిగ చూసినవా? సిరా ఎక్కువైతె గీత నిండిపోతదేమో."

ఆమె ఇంకా దారి వెతుకుతూనే ఉంది. ఇక నా వల్ల కాలేదు.

"సిరా గాదు వదినె. ముద్రేసినోడు నాకెర్క. బీర్పూర్‌కెల్లి మేమే పిలిపిచ్చినం. పేరు సదివినప్పుడు నేనే తలకాయ ఊపిన." జాబితా సంగతి కూడా చెప్పేశాను. వచ్చేవాళ్లు, రానివాళ్లు అని రెండు వైపులా రాయడం, పంచుకోవడం, అన్నీ.

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"రానోళ్లల్ల మీ అన్న పేరు నువ్వే రాసినవా?"

"అవ్."

"ఎప్పుడు?"

"ఓట్లకు ముందురోజు. శనివారం."

ఆమె వేళ్ల మీద లెక్క చూసుకుంది. "దానికంటె ముందటి రోజు నేను నీ దుకాణంల కూసున్న. అచ్చే వారం జేస్తడు తియ్ అంటివి. తెల్లారి రాడని రాస్తివి. రాడని నీకెట్ల ఎర్కైంది తమ్మీ? ఎవలన్న చెప్పిన్రా?"

"ఎవలు చెప్పలె వదినె. ఊకెనే రాసిన."

ఇంతకంటే నీచమైన జవాబు నా జన్మలో ఎవరికీ చెప్పలేదు. అయితే అదే నిజం. ఆయన రాడని నాకు తెలియదు, వస్తాడనీ తెలియదు. రెండు మాటలూ నేను నోటికొచ్చినట్టు వాడుకున్నాను.

"భీవండిల పదకొండు రోజులు మగ్గాల కాడ మగోళ్ల బొటనేళ్లు చూసుకుంట తిరిగిన," అంది మెల్లగా. "పిచ్చిదనుకున్నరు."

నాకు ఏడుపొచ్చింది. నేను ఏడిస్తే ఆమె నన్ను ఊరుకోబెట్టాల్సి వస్తుందని ఆపుకున్నాను. ఆమె టిఫిన్ డబ్బా తీసుకుని బస్టాండ్ వైపు నడిచింది. నేను ఆ బస్సు ఎక్కకుండా తర్వాతి బస్సుకు వచ్చాను.

కేసు ఎటూ తేలలేదు. మా వాటా పేర్లతో అవతలివాళ్లు కూడా ఒక జాబితా తయారు చేసి చూపించేసరికి పెద్దబాపు చల్లబడ్డాడు. రెండు పక్షాలూ రాజీ పడ్డాయి. ఆ తర్వాతి శుక్రవారం మాత్రం నా దుకాణంలో ఆ బెంచీ ఖాళీగా ఉంది, వదినె రాలేదు. బిడ్డను తీసుకుని సిరిసిల్ల పోయి, తమ్ముడి ఇంటి దగ్గర మగ్గాలకు కండెలు చుట్టే పనిలో చేరిందని విన్నాను. ఒకసారి పని మీద సిరిసిల్ల పోయినప్పుడు ఆ వీధి మొదటిదాకా వెళ్లాను. మరమగ్గాల చప్పుడు వింటూ కాసేపు నిలబడి వెనక్కి వచ్చాను. ఏమని పలకరించాలి?

ఓటు మాత్రం ఆమె మా ఊళ్లోనే ఉంచుకుంది. తన పేరు మార్పించలేదు, భర్త పేరు తీయనివ్వలేదు. లిస్టులో ఫొటోలు వచ్చాయి, గుర్తింపు కార్డులు వచ్చాయి, పెద్ద ఎన్నికలకు మిషన్లు వచ్చాయి. మా పొత్తు దానంతటదే పోయింది. పొద్దున్నే ఏజెంట్లందరి ముందు ఉత్తుత్తి ఓట్లు వేసి, లెక్క సరిపోయిందని చూపించి, చెరిపేసి, సీలు వేస్తారు. ఆ సీలు కాగితం మీద మా సంతకాలు తీసుకుంటారు. సంతకం పెట్టిన ప్రతిసారీ నాకు ఒకటే అనుమానం. నా సంతకం చూసి ఎవరైనా నమ్ముతారా అని.

మొన్నటి ఎన్నికల్లోనూ ఏజెంటుగా కూర్చున్నాను. పొద్దున్నే సిరిసిల్ల నుంచి వచ్చిన వదినె వరసలో నిలబడి ఓటేసింది. జుట్టు సగం నెరిసింది. మిషన్ పక్కన చీటీ కనిపించే అద్దంలోకి వంగి, అది పడిపోయేదాకా చూసింది. నావైపు చూడలేదు. ఓటేసి సిరిసిల్లకు తిరిగి పోలేదు. బడి గేటు బయట, పోలీసులు గీసిన సున్నం గీత అవతల, దస్తీ పరుచుకుని సాయంత్రం దాకా కూర్చుంది. అన్నం కూడా అక్కడే తిన్నది. ప్రతి ఎన్నికకూ ఇలాగే కూర్చుంటుందని కానిస్టేబుల్‌కు కూడా తెలుసట.

పోలింగ్ ముగిసింది. మిషన్లకు సీళ్లు వేయించి మేము బయటకు వచ్చేసరికి ఆమె దస్తీ దులుపుకుని లేచింది. ఇన్నేళ్ల తర్వాత నాకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"మీ అన్న ఓటు పడ్డదా తమ్మీ?"

"పడలె వదినె."

"నీ కండ్లతోని చూసినవా?"

"పొద్దటి సంది ఆడనే ఉన్న. ఒక్కపారి గూడ లేవలె. పడలె."

ఆమె నా ముఖంలోకి చూసి, సరేనన్నట్టు తల ఊపింది. తర్వాత నన్ను దాటి నడిచి, నా వెనకే వస్తున్న రెండో పక్షం ఏజెంటును ఆపి, అదే మాట అడిగింది.